పత్రిక మీద పన్ను వేస్తే ఉక్కు మీద బెదిరింపు

1993లో అమెరికా క్రీడా పత్రిక స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ కెనడాలో ఒక ఎడిషన్ మొదలుపెట్టింది. పేరుకు కెనడా ఎడిషన్. లోపల వ్యాసాలూ ఫొటోలూ చాలావరకు అమెరికా సంచికలోవే. మారినవి ప్రకటనలు. అమెరికా కంపెనీల యాడ్స్ తీసేసి ఆ చోట్లో కెనడా కంపెనీల యాడ్స్ వేశారు. ఇలాంటి పత్రికలు దేశంలోకి రాకూడదని కెనడా 1965లోనే కస్టమ్స్ నిబంధన పెట్టుకుంది. కాకపోతే ఆ నిబంధన ఆపగలిగేది సరిహద్దు దాటి వచ్చే కాగితాన్ని. ఈ పత్రిక పేజీలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఒంటారియోలోని ప్రెస్‌కు చేరి అక్కడే అచ్చయ్యాయి. ఆపుదామంటే చెక్‌పోస్టు దగ్గర లారీయే లేదు.

రెండేళ్ళు చూసి 1995 చివర్లో కెనడా కొత్త పన్ను తెచ్చింది. అలాంటి ఎడిషన్‌లోని ప్రకటనల విలువ మీద ఏకంగా 80 శాతం. ఖజానా నింపుకోవడానికి ఎవరూ ఇంత పన్ను వెయ్యరు. ఆ ఎడిషన్ మూతపడాలనే వేశారు. అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు (డబ్ల్యూటీవో) వెళ్ళి, 1997లో కేసు గెలిచింది. సినిమాలు, పాటలు, పత్రికలు, ఇప్పుడు ఓటీటీల మీద ఒక దేశానికి ఎంత పట్టు ఉండొచ్చనే గొడవలోని చిక్కుముడులు చాలావరకు ఈ ఒక్క కేసులోనే దొరుకుతాయి. అందుకే దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

ముందు కెనడా భయం ఏమిటో చూద్దాం. పత్రికకు అసలు ఖర్చంతా మొదటి కాపీకే. విలేకరుల జీతాలు, ఫొటోగ్రాఫర్ల ప్రయాణాలు, ఎడిటింగ్, అన్నీ దాని మీదే పడతాయి. రెండో కాపీ నుంచి కాగితం, సిరా, పోస్టేజీ మాత్రమే. అమెరికా పత్రిక ఆ మొదటి ఖర్చును సొంత దేశంలోనే రాబట్టుకుంది. కెనడాలో వచ్చేదంతా మిగులు బేరం కాబట్టి యాడ్ రేటు ఎంత తగ్గించినా దానికి గిట్టుబాటే. కెనడా పత్రికకు అలా తగ్గించడం కుదరదు, దానికున్నది ఆ ఒక్క మార్కెట్టే. మనకిది తెలియని లెక్కేం కాదు. హిందీ సీరియల్ కొని తెలుగు గొంతులు పెట్టి వేసుకుంటే చానల్‌కు అయ్యే ఖర్చు, ఇక్కడ సెట్ వేసి, ఆర్టిస్టులను పెట్టి తీస్తే అయ్యే ఖర్చులో చిన్న భాగం. డబ్బింగ్ సీరియళ్ళు ఆపాలని హైదరాబాద్‌లో మన టీవీ కళాకారులు ఆ మధ్య రోడ్డెక్కింది ఈ లెక్క మీదే.

కెనడా వాదనలో రెండు అంచెలున్నాయి. మొదటిది: మేం పన్ను వేసింది ప్రకటనల మీద, ప్రకటన అనేది సేవ, సేవల ఒప్పందంలో ప్రకటనల రంగం గురించి మేం ఏ హామీ ఇవ్వలేదు, కాబట్టి సరుకుల ఒప్పందమైన గాట్ మాకు వర్తించదు. రెండోది: కెనడా పాఠకుల కోసం రాసిన పత్రికా, అమెరికా పాఠకుల కోసం రాసి ఇక్కడ యాడ్స్ మార్చిన పత్రికా ఒకే సరుకు కావు, కాబట్టి రెండింటికీ ఒకే పన్ను ఉండాలనే రూల్ కుదరదు.

మొదటి వాదనను డబ్ల్యూటీవో అప్పీలు సంస్థ సూటిగా కొట్టేసింది. పత్రికలో వ్యాసాలూ ఉంటాయి, ప్రకటనలూ ఉంటాయి. రెండూ కలిసి చేతికొచ్చే వస్తువు పత్రిక. వస్తువు కాబట్టి గాట్ వర్తిస్తుంది. రెండో దానికి చెప్పిన జవాబు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అవి అచ్చంగా ఒకటి కాకపోవచ్చు, కానీ ఒకే పాఠకుడి కోసం, ఒకే ప్రకటనదారు డబ్బు కోసం నేరుగా పోటీ పడుతున్నాయి, ఒకదాని మీదే పన్ను వెయ్యడం రెండోదాన్ని కాపాడడానికే, అంది. సాక్ష్యం ఎక్కడ దొరికిందంటే కెనడా ప్రభుత్వం మాటల్లోనే. మన పత్రికల ప్రకటనల ఆదాయాన్ని కాపాడడానికే ఈ చట్టం అని తన జనానికి గర్వంగా చెప్పుకున్నదే డబ్ల్యూటీవో ఉండే జెనీవాలో ఎదురు తిరిగింది. రాజకీయ నాయకుడు ఇంట్లో మాట్లాడే భాష, వాణిజ్య లాయరు బయట మాట్లాడే భాష వేరువేరుగా ఉండాలని అప్పట్నుంచి అన్ని దేశాలూ నేర్చుకున్నాయని నా అనుమానం.

అదే కేసులో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఇంకో అంశం ఉంది. కెనడా పత్రికలకు పోస్టేజీ తక్కువ పడేలా ప్రభుత్వ శాఖ ఒకటి తపాలా సంస్థకు డబ్బు కట్టేది. ఇదీ చెల్లదంది అప్పీలు సంస్థ. రాయితీ ఇవ్వొచ్చు, కానీ అది నేరుగా ఉత్పత్తిదారు చేతికి వెళ్ళాలని గాట్‌లో ఉంది. ఇక్కడ డబ్బు ఒక ప్రభుత్వ జేబులోంచి ఇంకో ప్రభుత్వ జేబులోకి వెళ్తోంది. తర్వాత కెనడా చేసిందల్లా ఆ డబ్బు దారి మార్చడం. తపాలా సంస్థకు ఇచ్చేది ప్రచురణకర్తలకు అందేలా సర్దింది. చేరాల్సిన వాళ్ళకు చేరే మేలు అదే, రూల్ మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటుంది.

ఓడిపోయాక కెనడా ఊరుకోలేదు. విదేశీ ప్రచురణకర్తలు కెనడా కంపెనీలకు యాడ్ స్పేస్ అమ్మడాన్నే నేరంగా చేసే బిల్లు తెచ్చింది. పన్ను వస్తువు మీద పడిందన్నారు కదా, ఈసారి చట్టాన్ని పూర్తిగా సేవ మీదే రాశామన్నమాట. అమెరికా ఈసారి మళ్ళీ తీర్పు కోసం ఎదురుచూడలేదు. బిల్లు పాసైతే కెనడా నుంచి వచ్చే ఉక్కు, బట్టలు, ప్లాస్టిక్, కలప మీద ప్రతీకార సుంకాలు వేస్తామంది. బిల్లును భుజాన వేసుకున్న సాంస్కృతిక వారసత్వ శాఖ మంత్రి షీలా కాప్స్ నియోజకవర్గం హామిల్టన్‌లో ఉంది. అది ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. జాబితాలో ఉక్కు ఎందుకొచ్చిందో ఎవరూ వివరించక్కర్లేకపోయింది. 1999 మే నెలలో రాజీ కుదిరింది. విదేశీ పత్రికలు తమ ప్రకటనల్లో మొదట 12 శాతం, మూడేళ్ళలో పెరుగుతూ 18 శాతం దాకా కెనడా యాడ్స్ వేసుకోవచ్చు. కెనడా తన పత్రికలకు సాయం చెయ్యడానికి ఒక నిధి పెట్టుకుంది.

మరి ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో కెనడా సాంస్కృతిక రంగానికి మినహాయింపు రాయించుకుంది కదా, అదేమైంది? మినహాయింపు నిజమే. దాని పక్కనే, దానివల్ల నష్టం కలిగితే అంతే విలువైన దెబ్బ తిరిగి కొట్టొచ్చనే హక్కూ రాసి ఉంది. పైగా అమెరికా ఆ ఒప్పందం జోలికే వెళ్ళలేదు, అలాంటి మినహాయింపు లేని డబ్ల్యూటీవోకు వెళ్ళింది.

ఈ కథంతా చూశాక నాకు కనిపించే సూత్రం ఒకటే. నిబంధనల దృష్టిలో మీ వాళ్ళకు డబ్బిస్తే తప్పు లేదు, బయటివాళ్ళను అడ్డుకుంటే తప్పు. వినడానికి న్యాయంగానే ఉంది. ఫ్రాన్స్ ఈ సూత్రం లోపలే ఉంటూ ఎంత నేర్పుగా నడుచుకుందో చూస్తే దాని అసలు రంగు తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అప్పుల్లో ఉన్న ఫ్రాన్స్ 1946 మే నెలలో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. ఫ్రాన్స్ తరఫున లియాన్ బ్లూమ్, అమెరికా తరఫున విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్ సంతకాలు చేశారు. యుద్ధ రుణాల మాఫీ, కొత్త అప్పుతో పాటు హాలీవుడ్ సినిమాల మీద యుద్ధానికి ముందున్న పరిమితి ఎత్తెయ్యడం కూడా అందులో ఉంది. బదులుగా ప్రతి మూడు నెలల్లో నాలుగు వారాలు మాత్రం థియేటర్లు ఫ్రెంచి సినిమాలకు కేటాయించాలి. యుద్ధకాలంలో ఆగిపోయిన అమెరికా సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఫ్రెంచి సినిమావాళ్ళు పారిస్ వీధుల్లో ఊరేగింపు తీశారు. 1948లో ఒప్పందం సవరించి నాలుగు వారాలను ఐదు చేశారు. ఈలోగా 1947 నాటి గాట్ ఒప్పందంలో నాలుగో అధికరణం అచ్చంగా సినిమా కోసమే చేరింది. తెర మీద ఆడే సమయంలో కొంత భాగాన్ని సొంత సినిమాకు కేటాయించుకునే స్క్రీన్ కోటా చెల్లుతుందని అందులో ఉంది. సబ్బులకూ సైకిళ్ళకూ దొరకని వెసులుబాటు సినిమాకు దొరికింది.

ఫ్రాన్స్‌కు కోటా కంటే ఎక్కువ కలిసొచ్చింది టికెట్ పన్ను. ఏ దేశం సినిమా ఆడినా ప్రతి టికెట్ మీదా ఒకే రేటు పన్ను, ఇప్పుడది 10.72 శాతం. వసూలు చేసేటప్పుడు ఎవరి మీదా వివక్ష లేదు. ఆ డబ్బు జాతీయ సినిమా సంస్థకు వెళ్ళి, అక్కణ్నుంచి ఫ్రెంచి సినిమాలు తీసేవాళ్ళకు చేరుతుంది. అంటే హాలీవుడ్ పెద్ద సినిమా హౌస్‌ఫుల్ అయిన ప్రతిసారీ ఫ్రెంచి నిర్మాత చేతికి కొంత పెట్టుబడి వస్తుంది. కెనడా వేసిన 80 శాతం చెల్లలేదు, ఇది దశాబ్దాలుగా చెల్లుతోంది. ఉద్దేశం రెండుచోట్లా ఒకటే. కానీ ఇలాంటి నిధి నడపాలంటే టికెట్ కొనే జనం కావాలి, వసూలు చేసే యంత్రాంగం కావాలి, నిధిని పంచే సంస్థ కావాలి. ఇవన్నీ లేని ఒక పేద ఆఫ్రికా దేశం చేతిలో ఉండేది గేటు వెయ్యడం ఒక్కటే. రూల్ కాదనేది సరిగ్గా దాన్నే.

ఈ తర్కం మన ఇంట్లోనూ ఒకసారి పరీక్షకు నిలబడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వినోదపు పన్ను తెలుగు సినిమాలకు తక్కువగా, ఇతర భాషల సినిమాలకు ఎక్కువగా ఉండేది. ఇది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆశీర్వాద్ ఫిల్మ్స్ కేసులో 2007లో కోర్టు, భాష ఒక్కదాన్నే బట్టి ఇంత తేడా ఎందుకో ప్రభుత్వం సరైన కారణం చూపలేదని, అది రాజ్యాంగం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. డబ్ల్యూటీవోతో దీనికి సంబంధం లేదు, మనది రాజ్యాంగం, అది ఒప్పందం. అయినా తీర్పులు రెండూ దగ్గర దగ్గరగా నడుస్తాయి: ఒకే థియేటర్లో ఒకే ప్రేక్షకుడి ముందు ఆడే రెండు సినిమాలకు రెండు పన్నులా?

అయితే సంస్కృతి పేరుతో మాట్లాడే ప్రతి పరిశ్రమనూ నమ్మేయాలని నేననను. 2022 నవంబర్‌లో తెలుగు నిర్మాతల మండలి, సంక్రాంతికి థియేటర్లు ముందు స్ట్రెయిట్ తెలుగు సినిమాలకే ఇవ్వాలి, మిగిలితేనే డబ్బింగ్ సినిమాలకు అన్నప్పుడు తమిళ సినిమావాళ్ళు మండిపడ్డారు. సరిగ్గా అదే ఏడాది మన సినిమాలు డబ్బింగ్ అయి హిందీ, తమిళ రాష్ట్రాల్లో పండగ చేసుకున్నాయి. వెళ్ళేటప్పుడు స్వేచ్ఛ, వచ్చేటప్పుడు కోటా అని ఎవరికుండదు?

అమెరికా కూడా ఇందుకు మినహాయింపు కాదు. సినిమా అందరిలాంటి సరుకే, ప్రేక్షకుడు ఏది కావాలంటే అది చూడనివ్వండి అనేది దాని పాత పాట. కానీ 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం నుంచీ అక్కడ రేడియో, టీవీ ప్రసార లైసెన్సుల్లో విదేశీ వాటాకు పరిమితి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన రూపర్ట్ మర్డోక్ అమెరికా టీవీ స్టేషన్లు కొనడం కోసం 1985లో ఏకంగా పౌరసత్వమే మార్చుకోవాల్సి వచ్చింది.

కోటా పనిచేస్తుందా అనే ప్రశ్నకు అందరూ చూపించేది దక్షిణ కొరియాను. అక్కడ థియేటర్లు ఏడాదిలో 146 రోజులు కొరియన్ సినిమా ఆడించాలనే నిబంధన ఉండేది. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మొదలు కావాలంటే దాన్ని తగ్గించాలన్నది వాషింగ్టన్ షరతు. 1999లో ఈ మాట వచ్చినప్పుడే దర్శకులూ నటులూ గుండ్లు కొట్టించుకుని నిరసన తెలిపారు. 2006 జనవరిలో ప్రభుత్వం లొంగింది, జులై 1 నుంచి 146 కాస్తా 73 అయింది. నటుడు చోయ్ మిన్ సిక్ ప్రభుత్వమిచ్చిన సాంస్కృతిక పతకాన్ని తిరిగిచ్చేశాడు. కొరియన్ సినిమా వాటా 2008 నాటికి సగం కంటే కిందకు పడింది, కొన్నేళ్ళకు మళ్ళీ సగం దాటింది. ఆ తర్వాత కొరియన్ సినిమా, సీరియల్, పాట ప్రపంచాన్ని ఎలా ఊపాయో మన పిల్లలనడిగితే చెప్తారు.

దీన్ని చూపించి, చూశారా, కోటా తగ్గించినా ఏం కాలేదని ఒకరంటారు. అన్నేళ్ళు కోటా ఉండబట్టే పరిశ్రమ నిలదొక్కుకుందని ఇంకొకరు. నా లెక్కలో రెండో వాదనకే బలం కొంచెం ఎక్కువ, అదీ పూర్తిగా కాదు. 1996లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సినిమాల ముందస్తు సెన్సార్‌ను కొట్టేసింది. దాదాపు అదే సమయంలో పెద్ద కంపెనీల పెట్టుబడి, మల్టీప్లెక్సులు వచ్చాయి. కోటా వల్ల తెర దొరికింది, ఆ తెర మీద చూడదగ్గ సినిమా సెన్సార్ పోయాకే వచ్చింది.

సెన్సార్ మాట వచ్చింది కాబట్టి చైనా. విదేశీ పుస్తకాలు, సినిమాలు, ఆడియో వీడియోలు దిగుమతి చేసుకునే హక్కు అక్కడ ప్రభుత్వ సంస్థలకే ఉండేది. 2007లో అమెరికా కేసు వేసింది. ప్రజల నైతికతను కాపాడుకోవడానికి గాట్‌లో మినహాయింపు ఉంది, మేం వాడుకున్నది అదేనని చైనా వాదించింది. 2009 డిసెంబర్‌లో వచ్చిన తుది తీర్పు చైనాకు వ్యతిరేకం. అయితే కారణం చూడండి. ఏది చూడాలో ఏది చూడకూడదో తేల్చే చైనా హక్కును ఎవరూ ప్రశ్నించలేదు. ఆ పరిశీలన ప్రభుత్వమే చేసుకోవచ్చు కదా, దానికోసం దిగుమతిని సొంత కంపెనీల చేతుల్లోనే ఎందుకు పెట్టాలి, అని మాత్రమే అడిగారు. 2012లో రెండు దేశాలూ రాజీపడి, వసూళ్ళలో వాటా ఇచ్చే పద్ధతిలో ఏటా వచ్చే విదేశీ సినిమాలను 20 నుంచి 34కు పెంచాయి, స్టూడియోల వాటాను 25 శాతం చేశాయి. కత్తెర అలాగే ఉంది, దాని కింద నుంచి వెళ్ళే సినిమాల సంఖ్య పెరిగింది. కెనడాలో పత్రికలకు తపాలా రాయితీ ఇస్తే తప్పుపట్టిన వ్యవస్థ, చైనాలో సెన్సార్‌ను మాత్రం ముట్టుకోలేదు. వాణిజ్య ఒప్పందం కొలిచేది నష్టపోయిన డబ్బును. ఎవరి నోరు మూతపడిందో దాని లెక్కలోకి రాదు.

ఈ అసంతృప్తి నుంచే 2005లో యునెస్కోలో సాంస్కృతిక వైవిధ్య ఒప్పందం వచ్చింది. 148 దేశాలు అవునన్నాయి, అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే కాదన్నాయి. భారత్ 2006లో ఆమోదించింది. సంస్కృతిని కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని అందులో బలంగానే రాశారు. ఇరవయ్యో అధికరణంలో, దీనివల్ల వేరే ఒప్పందాల్లోని హక్కులూ బాధ్యతలూ మారవు అని కూడా రాశారు. దాంతో పెద్దగా మిగిలిందేమీ లేదు.

భారత్ సంగతి కొంచెం వేరు. సేవల ఒప్పందంలో సినిమా పంపిణీ గురించి ఐరోపా ఏ హామీ ఇవ్వకుండా తప్పుకుంటే, మనం ఏడాదికి 100 సినిమాల దిగుమతి అనే పరిమితితో హామీ ఇచ్చాం. ఆచరణలో అంతకంటే ఎక్కువే తెరిచేశాం. ఈరోజు సినిమా రంగంలో విదేశీ పెట్టుబడి నూరు శాతం ఉండొచ్చు. హాలీవుడ్ అంటే మనకు భయం లేదు, తెలుగు డబ్బింగ్‌తో వచ్చినా మన హీరో సినిమా పక్కన అది చిన్నదే. భయం వార్తల దగ్గర. విదేశీ పత్రికలు ఇక్కడ ఎడిషన్లు పెట్టకూడదని 1955లోనే కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. 2002లో 26 శాతం వాటాకు ఒప్పుకున్నారు, ఇప్పటికీ అంతే. డిజిటల్ వార్తలకూ 2019లో అదే 26 శాతం పెట్టారు. పాట ఎవరిదైనా పర్లేదు, వార్త మాత్రం మనవాళ్ళ చేతిలోనే ఉండాలన్నది ఢిల్లీలో అన్ని పార్టీల ప్రభుత్వాలూ పాటించిన లైను.

ఇప్పుడు గొడవంతా ఓటీటీల దగ్గరకు చేరింది. థియేటర్లో రోజులు లెక్కపెట్టొచ్చు, ఫోన్‌లో ఎలా లెక్కపెడతారు? ఐరోపా 2018లో, ఓటీటీ కేటలాగులో కనీసం 30 శాతం ఐరోపా కార్యక్రమాలు ఉండాలని చట్టం చేసింది. కేటలాగులో ఉండడం వేరు, ఎవరైనా చూడడం వేరు. కెనడా 2023లో చట్టం తెచ్చి, 2024లో పెద్ద ఓటీటీ కంపెనీలు తమ కెనడా ఆదాయంలో 5 శాతం అక్కడి కార్యక్రమాల నిధులకు ఇవ్వాలంది. ఇది కోర్టుకెక్కింది, అమెరికా మళ్ళీ కన్నెర్ర చేస్తోంది. కొత్త ఉత్తర అమెరికా ఒప్పందంలోనూ ఆ పాత మినహాయింపు ఉంది, దాని పక్కనే ఆ పాత ప్రతీకార హక్కూ ఉంది.

ఇంతలో కథ తలకిందులైంది. 2025 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్, విదేశాల్లో తీసిన సినిమాలన్నింటి మీదా నూరు శాతం సుంకం అన్నారు. సెప్టెంబర్‌లో మళ్ళీ అన్నారు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఎనభయ్యేళ్ళుగా అందరికీ పాఠం చెప్పిన దేశం ఇది. పెద్ద తెలుగు సినిమాకు ఓవర్సీస్‌లో అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికానే కాబట్టి ఇక్కడ బయ్యర్లలో టెన్షన్ మొదలైంది. సుంకం దేని మీద? సినిమా హార్డ్ డిస్కులో వెళ్తే డిస్కు ధర మీదా, బయ్యర్ కట్టిన హక్కుల మొత్తం మీదా, ప్రీమియర్ టికెట్ల వసూళ్ళ మీదా? నెట్‌లో ఫైలుగా వెళ్తే కస్టమ్స్‌కు కనిపించేదే ఉండదు. చాలా సుంకాలకు ట్రంప్ ఆధారంగా చూపిన అత్యవసర ఆర్థిక అధికారాల చట్టంలో సినిమాలు, పుస్తకాల్లాంటి సమాచార వస్తువుల జోలికి వెళ్ళకూడదని 1988లో అమెరికా కాంగ్రెసే సవరణ రాసింది. ట్రంప్ మాటల్లో ఈ ప్రశ్నలకు జవాబు లేదు.

ఫైలుగా వెళ్ళేవాటి మీద సుంకం వెయ్యకూడదని డబ్ల్యూటీవో దేశాలు 1998లో ఒక మాట అనుకున్నాయి, అప్పట్నుంచి దాన్ని పొడిగిస్తూ వచ్చాయి. 2024లో అబుదాబిలోనూ పొడిగించారు. ఇటీవలి చర్చల్లో గట్టిగా అడ్డుచెప్పిన దేశాల్లో భారత్ ముందుంది. డిజిటల్‌గా దేశంలోకి వచ్చే సరుకు మీద పన్ను వేసే హక్కు మాకుండాలని వాణిజ్య శాఖ వాదన, అమెరికా టెక్ కంపెనీలను చూస్తే ఆ వాదనలో పస ఉంది. ఆ హక్కు మనకొచ్చిన రోజున అమెరికాకూ వస్తుంది. డల్లాస్ థియేటర్లకు ఫైలుగా వెళ్ళే తెలుగు సినిమాను దృష్టిలో పెట్టుకుని ఢిల్లీలో ఈ సుంకాల ఫైలు చూసేవాళ్ళెవరో ఫిల్మ్‌నగర్ ఇంతవరకూ అడిగినట్టు లేదు.